మోడల్ ఆవిరి ఇంజనుకి చక్రం ఇరుసు మీద వదులైంది, ఏం చేయాలి?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదండి. మీ బాబాయిగారు ఇంగ్లండ్ నుంచి తెచ్చిన పాత ఆవిరి ఇంజను. 45 మి.మీ. పట్టాల మీద నడిచేది, గ్యాస్ మంటతో కాగేది, ఆరు చక్రాలూ సైడ్ రాడ్లతో (ఒక పక్క చక్రాలన్నిటినీ కలిపే కడ్డీలు) కలిపి ఉన్నవి. కొన్నేళ్లు రాజోలులో మీ ఇంటి అటక మీద అట్టపెట్టెలో ఉంది. ఇప్పుడు దించి నడిపితే మధ్యమధ్యలో పట్టేస్తోంది, పాయింట్ల దగ్గర (ఒక దారి రెండుగా చీలే చోట) పట్టాలు తప్పుతోంది. మధ్య ఇరుసుకి కుడిపక్క చక్రాన్ని పట్టుకుని తిప్పితే ఇరుసు కదలకుండా చక్రం ఒక్కటే కాస్త తిరుగుతోంది. ఊళ్లో లేత్ షాపాయన “రెండు చుక్కలు వెల్డింగ్ పెడితే జన్మలో ఊడదు” అన్నాడు. పెట్టించమంటారా అని అడిగారు.

వద్దండి. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే జన్మలో ఊడదు. ఇబ్బంది అంతా అక్కడే ఉంది. వెల్డింగ్ పెట్టేటప్పుడు చక్రం ఏ కోణంలో ఉందో ఇక ఎప్పటికీ ఆ కోణంలోనే ఉంటుంది. ఆ కోణం తప్పయితే సరిచేసే దారి ఉండదు. పైగా ఈ సైజు ఇంజన్లలో చక్రాలు ఎక్కువగా పోత ఇనుముతో చేసినవి. మామూలు ఎలక్ట్రోడ్ పెడితే వేడి తగిలిన చోట గట్టిపడి, చల్లారేటప్పుడు పగులుతుంది. ఆరు మిల్లీమీటర్ల ఇరుసేమో ఒక పక్కకి లాగుతుంది. చెరువు ఏరేటర్ షాఫ్టుకీ, పంపుసెట్టుకీ వెల్డింగ్ పెట్టిన చెయ్యి ఆయనది, ఆ పనికి అది సరైన పద్ధతే. ఇక్కడ మనం చూసుకోవలసినవి మిల్లీమీటర్లో పదో వంతులు.

ఫెవిక్విక్ కూడా వద్దు. వేడీ, తడీ, నూనే మూడూ తగిలేచోట అది నిలవదు. ఆరల్డైట్ కాస్త నయం కానీ ఆవిరి ఇంజను కింద వేడికి అదీ మెత్తబడుతుంది. దీనికని వేరే జిగురు ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆ చక్రం ఎందుకు వదులైంది? అంత గట్టిగా బిగించిన చక్రం ఊరికే జారదు. ఏదో ఒకచోట పట్టేసి ఉండాలి, ఆ పట్టేసినదాన్ని ఎవరో బలవంతంగా తిప్పి ఉండాలి. ఏళ్ల తరబడి అటక మీద ఉన్న ఇంజన్లో సిలిండర్ నూనె జిగురులా గడ్డకట్టి పిస్టన్ అతుక్కుపోతుంది. దించిన రోజున పిల్లలు నేలమీద పెట్టి నెడితే చాలు. లేకపోతే చల్లటి సిలిండర్లోకి ఆవిరి వదిలినప్పుడు అది నీరై పిస్టన్ ముందు చేరుతుంది. నీటిని నొక్కి చిన్నది చేయలేం కదా, పిస్టన్ అక్కడ ఆగిపోతుంది. ఆ సమయంలో చక్రాన్ని వేలితో గట్టిగా తోస్తే ఎక్కడ బిగువు తక్కువుందో అక్కడ జారుతుంది. ఈ కారణం కనిపెట్టకుండా చక్రం ఒక్కటీ అతికిస్తే మళ్లీ అదే జరుగుతుంది. ఈసారి చక్రం గట్టిగా ఉంటే క్రాంక్ పిన్ను (రాడ్లు తగిలించడానికి చక్రానికి ఉన్న మొల) వంగుతుంది.

కోణం సంగతి. ఇరుసు నుంచి ఆ పిన్ను దాకా ఉండే చేయే క్రాంకు. రెండు సిలిండర్ల ఇంజన్లో ఎడమ క్రాంకుకీ కుడి క్రాంకుకీ మధ్య 90 డిగ్రీల తేడా పెడతారు. దీన్నే క్వార్టరింగ్ అంటారు. సైకిలు పెడల్ నిట్టనిలువుగా పైన ఉన్నప్పుడు ఎంత బలంగా తొక్కినా చక్రం కదలదు. పిస్టన్ కొసకి చేరినప్పుడు కూడా అంతే, ఆ చోటే డెడ్ సెంటర్. సైకిలుకి పెడళ్లు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి రెండూ ఒకేసారి ఆ చోటికి వస్తాయి, మనం కాలితో నేలని తన్ని గట్టెక్కుతాం. ఇంజనుకి ఆ వీలు లేదు. అందుకని ఒక పక్క పిస్టన్ డెడ్ సెంటర్లో ఉన్నప్పుడు రెండో పక్కది సగం దారిలో, మంచి బలంలో ఉండేట్టు అమర్చారు. ఒక్కో పిస్టన్ ముందుకీ వెనక్కీ రెండు వైపులా తోస్తుంది, కాబట్టి చక్రం ఒక చుట్టు తిరిగేసరికి నాలుగు దెబ్బలు. గోదావరి స్టేషనులో బండి కదిలేటప్పుడు మా తరం విన్న ఛుక్కుల లెక్క అదే. ఆ రోజుల్లో ఎక్స్‌ప్రెస్ బళ్లు లాగిన డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజనుకి పెద్ద చక్రం అయిదడుగుల ఏడంగుళాలు. నాలుగు ఛుక్కులకి బండి అయిదు మీటర్లకి పైగా జరిగినట్టు.

కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్లందరూ ఈ 90 దగ్గరే టెన్షన్ పడతారు. ప్రొట్రాక్టర్ తెస్తారు, ఫోన్లో యాప్ పెడతారు. నా ఉద్దేశంలో అదంతా అక్కర్లేదు. 90కి బదులు 88 వచ్చినా ఇంజను హాయిగా నడుస్తుంది, దెబ్బల్లో తేడా మీ చెవికి కూడా తెలియదు. కానీ మూడు ఇరుసులూ 88 మీదే ఉండాలి. ముందుదీ వెనకదీ 90, మధ్యది 88 అయితే నడవదు. సైడ్ రాడ్లు మూడు చక్రాలనీ ఒకే తీరులో తిప్పాలని చూస్తాయి. ఎడమ రాడ్డు ఒక మాట, కుడి రాడ్డు ఒక మాట చెబితే మధ్య ఇరుసు ఎటు తిరగాలి?

లెక్క చూడండి. క్రాంక్ పిన్ను ఇరుసు కేంద్రం నుంచి 8 మి.మీ. దూరంలో ఉందనుకుంటే, ఒక డిగ్రీ తేడాకి పిన్ను 0.14 మి.మీ. జరుగుతుంది. రెండు డిగ్రీలకి 0.28. రాడ్డు రంధ్రంలో పిన్ను చుట్టూ మామూలుగా ఉండే సందు అంతా దానికే సరిపోతుంది, ఇంజను ముక్కడం మొదలుపెడుతుంది. అసలు రైల్వే వర్క్‌షాపుల్లో ఈ బాధ లేకుండా క్వార్టరింగ్ మిషను అని ప్రత్యేకంగా ఉంటుంది. ఇరుసు మీద చక్రాలు బిగించి ఉండగానే రెండు పక్కలా పిన్ను రంధ్రాలు ఒకే సెట్టింగ్‌లో బోరు చేస్తుంది. మనకి అది లేదు కానీ ఇంకోటి ఉంది. మీ ఇంజన్లో మిగతా రెండు ఇరుసులూ చెక్కుచెదరలేదు. వాటికంటే మంచి గేజి మీకు బజార్లో దొరకదు.

ఇక పట్టేస్తున్నది ఎక్కడో చూద్దాం. ఏదీ ఊడదీయకముందు ఫోన్‌తో రెండు పక్కలా, కింద నుంచీ ఫొటోలు తీసుకోండి. ఏ పక్క క్రాంకు ముందుంది, ఏది వెనకుంది అన్నది అందులో తెలియాలి. మధ్య ఇరుసు మీద ఎక్సెంట్రిక్ (వాల్వుని నడపడానికి ఇరుసుకి కేంద్రం తప్పించి బిగించిన బిళ్ల) ఉంటే అది ఎక్కడ ఉందో సూదితో చిన్న గీత గీసుకోండి. తర్వాత సిలిండర్ నుంచి వచ్చే కనెక్టింగ్ రాడ్లు రెండూ విప్పి పక్కన పెట్టండి. ఇప్పుడు చక్రాలకీ పిస్టన్లకీ సంబంధం లేదు. వాల్వు గేర్ (సిలిండర్లోకి ఆవిరి వదిలే వాల్వుని నడిపే అమరిక) కూడా ఇరుసుకో, పిన్నుకో తగిలి ఉంటే దాన్నీ విడదీయండి. ఇంజన్ని పట్టాల మీద మెల్లగా నెట్టండి. హాయిగా పోతే జబ్బు సిలిండర్లలోనో వాల్వుల్లోనో ఉంది. అప్పుడు పిస్టన్ రాడ్డుని చేత్తో లాగి చూడండి. బిగుసుకుని ఉంటే బలవంతం చేయకుండా సిలిండర్లోకి పల్చటి నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి.

రాడ్లు విప్పినా పట్టేస్తుంటే ఇప్పుడు సైడ్ రాడ్లు కూడా తీసేయండి. ఒక్కో ఇరుసునీ విడిగా వేలితో తిప్పండి. ఏదైనా గరగరమంటే యాక్సిల్ బాక్సులో, అంటే ఫ్రేములో ఇరుసు తిరిగే గూట్లో, తుప్పు ఉన్నట్టు. మీది సముద్రానికి దగ్గర ఊరు, ఇది ఉండే అవకాశమే ఎక్కువ. కిరసనాయిలుతో కడిగి, తుడిచి, నూనె వేస్తే చాలా ఇంజన్లు అక్కడితోనే దారికి వస్తాయి.

తర్వాత చేసే పరీక్ష చాలామందికి తెలియదు, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే. సైడ్ రాడ్డు ఒక పక్క మాత్రమే వేయండి. ఎడమది వేసి, కుడిది తీసేసి, మెల్లగా తిప్పండి. ఒక పక్క రాడ్డు ఒక్కటే ఉన్నప్పుడు క్వార్టరింగ్ ఎంత తప్పున్నా పట్టదు, ఎందుకంటే దానికి ఎదురు చెప్పే రెండో రాడ్డు లేదు. డెడ్ సెంటర్ దగ్గర ఒక్క చక్రం వెనక్కి తిరగబోతుంది, దాన్ని వేలితో ముందుకి సర్దండి, అది తప్పు కాదు. అయినా పట్టేస్తోందంటే ఆ పక్క రాడ్డు రంధ్రాల దూరమూ ఇరుసుల దూరమూ కలవడం లేదు, లేదా పిన్ను వంగింది. ఇలాగే కుడిపక్క కూడా చూడండి. మీ వదులు చక్రం ఈ పరీక్షకి అడ్డు రాదు, అది రాడ్డుతోపాటు తిరుగుతుంది.

రెండు పక్కలూ విడివిడిగా హాయిగా తిరిగి, రెండూ కలిపి వేసినప్పుడు మాత్రమే పట్టేస్తే అది క్వార్టరింగ్. ఇంకో గుర్తు కూడా ఉంది. ఒక పక్క క్రాంకు సరిగ్గా ముందుకో వెనక్కో చూస్తున్నప్పుడు, అంటే డెడ్ సెంటర్లో పట్టేస్తే, ఆ పక్క రాడ్డు పొడవునే అనుమానించాలి. రెండు పక్కల క్రాంకులూ ఏటవాలుగా, 45 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పట్టేస్తే కోణం తేడా. డెడ్ సెంటర్లో ఉన్న పక్క రాడ్డుకి ఆ క్షణంలో ఇరుసు కోణం గురించి పట్టింపు ఉండదు, రెండో పక్కదే నడిపిస్తుంది. ఏటవాలులో ఇద్దరికీ సమానంగా పట్టింపు ఉంటుంది, గొడవ అక్కడ బయటపడుతుంది. మీరు “మధ్యమధ్యలో” అని రాశారు. ఆ మధ్య ఎక్కడ వస్తోందో చూసుకుంటే సగం పని అయినట్టే.

ఇప్పుడు చక్రం తీయడం. వదులుగా ఉన్న కుడి చక్రం ఒక్కటే తీయండి. ఎడమది గట్టిగా ఉంది కదా, దాని జోలికి పోవద్దు. చాలావరకు చేత్తోనే మెలితిప్పుతూ లాగితే వస్తుంది. రాకపోతే సుత్తి వాడొద్దు, అంచు పట్టి స్క్రూడ్రైవర్‌తో ఎత్తొద్దు. అంచుని ఎత్తితే చక్రం వంకరపోతుంది. మోటార్ వైండింగ్ షాపుల్లో బేరింగ్ పుల్లర్లు ఉంటాయి కానీ అవి దీనికి పెద్దవి. మూడు మిల్లీమీటర్ల ఇనుప పట్టీకి ఇరుసు పట్టేంత గాడి కోయించి, చక్రం వెనకాల నడుమ భాగానికి ఆనించి, ముందు నుంచి బోల్టుతో ఇరుసు కొసని నెడితే సరిపోతుంది. ఇదివరకు ఎవరైనా జిగురు పెట్టి ఉంటే నడుమ భాగాన్ని హాట్ ఎయిర్ గన్‌తో బాగా వేడి చేయాలి. 250 డిగ్రీల దాకా పోతే ఆ జిగురు లొంగుతుంది. అక్కడ రంగు పోతుంది, తర్వాత వేసుకోవచ్చు.

ఇరుసు ఊడివస్తే గాజు పలక మీద దొర్లించండి. గాజు షాపులో మందపాటి అద్దం ముక్క అడిగితే ఇస్తారు, ఇంట్లో దొరికే వస్తువుల్లో అంత చదునైనది ఇంకోటి లేదు. కింద వెలుతురు సందు కనిపిస్తూ మాయమవుతూ ఉంటే ఇరుసు వంగింది. దాన్ని సరిచేసే ప్రయత్నం నేను చేయను, కొత్తది తిప్పించుకోవడమే మేలు. అప్పుడు మాత్రం లేత్ ఆయనకి చెప్పవలసింది ఒక్కటే: “వెర్నియర్‌తో కాదండి, మైక్రోమీటర్‌తో చూడండి.”

చక్రం రంధ్రానికీ ఇరుసుకీ మధ్య సందు ఎంతుందో చూడాలి. జిగురుతో బిగించడానికి 0.03 నుంచి 0.05 మి.మీ. సందు మంచిది. 0.1 దాకా ఒప్పుకోవచ్చు. అంతకంటే అరిగిపోయి ఉంటే రంధ్రాన్ని పెద్దది చేసి లోపల ఉక్కు బుష్ (గొట్టంలాంటి తొడుగు) వేయించాలి. ఇక్కడ ఒక జాగ్రత్త లేకపోతే ఇంజను మొత్తం పోతుంది. చక్రాన్ని ఫోర్-జా చక్కులో పట్టి, పట్టా మీద ఆనే అంచుకి డయల్ గేజ్ పెట్టి, అవుట్ (తిరిగేటప్పుడు ఊగడం) లేకుండా తిప్పుకున్నాకే బోరు చేయాలి. రంధ్రం కొంచెం పక్కకి పోయినా పిన్ను దూరం 8 మి.మీ. కాస్తా 8.1 అవుతుంది, ఆ చక్రం మిగతా రెండిటితో ఎప్పటికీ కలవదు.

జిగురు పేరు లాక్‌టైట్ 638. రాజమండ్రిలోనో భీమవరంలోనో బేరింగులు అమ్మే షాపుల్లో అడగండి. బోల్టులకి పూసే నీలం రంగుది కాదు. ఇది షాఫ్టు మీద బేరింగు, గేరు నిలబెట్టడానికి చేసిన ఆకుపచ్చ రంగుది. గాలి తగలనిచోట, లోహానికి ఆనుకుని గట్టిపడుతుంది. అందుకని సీసాలో ద్రవంగానే ఉంటుంది, సందులోకి వెళ్లగానే పట్టుకుంటుంది. ఉక్కు మీద నాలుగైదు నిమిషాల్లో పట్టు మొదలవుతుంది, పూర్తి బలానికి 24 గంటలు పడుతుంది. మే నెల మధ్యాహ్నం అయితే ఆ నాలుగు నిమిషాలు కూడా ఇవ్వదు. పొద్దున్నే చేసుకోండి.

నూనె మరక ఉంటే పట్టదు. ఇరుసునీ రంధ్రాన్నీ సన్నటి ఎమరీతో రుద్ది, అసిటోన్‌తో తుడవండి. పెట్రోలుతో తుడిస్తే అది ఆరాక కూడా జిడ్డు మిగులుతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో కూడా నూనె కలుపుతారు, దాన్నీ వాడొద్దు.

కోణం పెట్టే పద్ధతి చెబుతాను, దీనికి తొందరపడకండి. జిగురు లేకుండా ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూసుకోండి. ఇరుసులు మూడూ ఫ్రేములో ఉండాలి. ఎడమ సైడ్ రాడ్డు వేయండి. వంటింట్లో అల్యూమినియం రేకు ఉంటుంది కదా, దాన్ని సన్నటి పట్టీలుగా కోసి, ప్రతి క్రాంక్ పిన్ను చుట్టూ ఒకటో రెండో చుట్లు చుట్టి రాడ్డు ఎక్కించండి. రాడ్డు రంధ్రంలో పిన్ను ఊగకుండా సరిగ్గా మధ్యలో నిలబడాలి. అలా చేయకపోతే ఆ సందులో చక్రం ఒక డిగ్రీ అటో ఇటో ఉండిపోతుంది, మీకు తెలియదు. కుడిపక్క ముందు, వెనక పిన్నులకి కూడా రేకు చుట్టండి. ఇప్పుడు చక్రాలన్నీ తిప్పి, రెండు పక్కల క్రాంకులూ 45 డిగ్రీల ఏటవాలులో ఉండేలా ఆపండి. ఎందుకు 45 అన్నది పైన చెప్పినదే, రెండు రాడ్లూ సమానంగా పట్టి ఉంచే చోటు అది. కుడి క్రాంకుని నిలువుగానో అడ్డంగానో పెట్టి అతికిస్తే ఏదో ఒక రాడ్డు ఆ సమయంలో ఊరికే ఉంటుంది.

జిగురు ఇరుసు కొసన ఒక వలయంగా, చక్రం రంధ్రంలో పల్చగా పూయండి. యాక్సిల్ బాక్సు ముఖానికి ముందే కొంచెం గ్రీజు రాసి ఉంచండి. లోపలికి జారిన జిగురు యాక్సిల్ బాక్సులోకి పోతే ఇరుసు ఫ్రేముకే అతుక్కుంటుంది, అది విడదీయడం కంటే కొత్త ఇంజను కొనడం తేలిక. చక్రాన్ని కొద్దిగా తిప్పుతూ లోపలికి నెట్టండి. దాని పిన్నుకి రేకు చుట్టి కుడి రాడ్డు ఎక్కించండి. బయటికి వచ్చిన జిగురు తుడిచేయండి.

నెట్టేటప్పుడు ఎంత లోపలికి అన్నది కూడా అప్పుడే తేలాలి. మీ ఇంజను పాయింట్ల దగ్గర పట్టాలు తప్పడానికి ఇదే కారణం అని నా అనుమానం, వదులైన చక్రం ఇరుసు మీద బయటికో లోపలికో జరిగి ఉంటుంది. 45 మి.మీ. పట్టాలకి రెండు చక్రాల వెనక ముఖాల మధ్య దూరం 40 మి.మీ. ఉండాలి. ఇది ఎక్కువైతే పాయింటు మధ్యలో ఉన్న మొనకి చక్రం ఫ్లాంజ్ (లోపలి పక్క పొడుచుకు వచ్చిన అంచు) కొట్టుకుని పైకి ఎక్కుతుంది. తక్కువైతే చెక్ రైలునీ (చక్రం దారి తప్పకుండా పట్టా లోపలి పక్కన వేసే అదనపు పట్టా), మొన పక్కనున్న పట్టానీ చక్రాలు రెండు పక్కల నుంచీ నొక్కి పట్టుకుంటాయి, బండి గంతు వేసి దిగుతుంది. లేత్ ఆయన చేత సరిగ్గా 40.0 మి.మీ. పొడవున్న ఇనుప ముక్క ఒకటి చేయించి, మధ్యలో ఇరుసు పట్టేలా గాడి పెట్టించండి. ఆ ముక్కని రెండు చక్రాల మధ్య పెట్టి, చక్రం దానికి ఆనేదాకా నెట్టడమే. తర్వాత అంచు దగ్గర మూడు చోట్ల వెర్నియర్‌తో కొలవండి. మూడు చోట్లా ఒకటే వస్తే చక్రం నిటారుగా కూర్చుంది. 0.1 మి.మీ. దాకా తేడా ఉంటే పట్టించుకోను, అంతకంటే ఎక్కువైతే గట్టిపడకముందే సర్దుకోండి. ముందు, వెనక ఇరుసుల్ని కూడా ఇదే ముక్కతో చూడండి.

24 గంటలు ముట్టుకోకండి. తర్వాత రాడ్లు తీసి, రేకులు పీకేసి, మళ్లీ రాడ్లు వేసి తిప్పండి. ఎక్కడా ఆగకుండా, ఫ్రేమును పట్టాల మీద ఏటవాలుగా పెడితే తన బరువుకి తానే దొర్లాలి.

మధ్య ఇరుసు సిలిండర్ల బలమంతా మోసేది, కాబట్టి దానికి అదనంగా ఒక పిన్ను పెట్టడం మంచి అలవాటు. చక్రమూ ఇరుసూ కలిసే గీత మీద, సగం ఇరుసులో సగం చక్రంలో పడేలా 1.5 మి.మీ. రంధ్రం చేసి ఉక్కు పిన్ను దించుతారు. చూడ్డానికి చిన్న పనే కానీ, రెండు లోహాల్లో ఏది మెత్తగా ఉంటే డ్రిల్లు అటే జారిపోతుంది. చేతి డ్రిల్లుతో ప్రయత్నించకండి. ఈ పనికి మీ లేత్ ఆయన సరైన మనిషి.

ఒక పక్క రాడ్డు పరీక్షలో పట్టేస్తే రాడ్డు బుష్ సంగతి చూడాలి. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉంటే గన్‌మెటల్ (రాగి, తగరం కలిసిన లోహం) బుష్ వేయించండి. బోటు ఇంజన్లకీ పంపులకీ చేసే ముక్కల్లోంచే ఇది వస్తుంది, కొత్తగా పోత పోయించక్కర్లేదు. మన పక్కనే అజ్జరం ఉంది, ఇత్తడికి కొదవ లేదు అనుకోవచ్చు. ఇత్తడి కూడా ఈ బరువుకి పనిచేస్తుంది కానీ ఉక్కు పిన్ను మీద గన్‌మెటల్ ఎక్కువ కాలం మన్నుతుంది. రంధ్రాన్ని గుండ్రటి ఆకురాయితో పెద్దది చేసి “ఇప్పుడు ఫ్రీ అయిందండి” అనేవాళ్లున్నారు. ఫ్రీ అవుతుంది, పట్టాల మీద గిన్నెల చప్పుడు కూడా చేస్తుంది.

కొన్ని ఇంజన్లలో ఫ్రేము చక్రాలకి బయట ఉంటుంది, క్రాంకులు ఇరుసు కొసలకి అలెన్ గ్రబ్ స్క్రూతో బిగించి ఉంటాయి. మీది అలాంటిదైతే పైన చెప్పినదాంట్లో సగం అక్కర్లేదు. స్క్రూ వదులు చేసి, రేకు చుట్టి, 45 డిగ్రీల్లో సర్ది, మళ్లీ బిగించడమే. 16.5 మి.మీ. పట్టాల కరెంటు బొమ్మ ఇంజన్లున్నవాళ్లకి కూడా లెక్క ఇదే, చక్రాల వెనక దూరం 14.5 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. వాటి మధ్యలో ప్లాస్టిక్ ఉంటుంది, వేడి మాత్రం చూపించకండి.

బిగించాక నేరుగా బాయిలర్ వెలిగించొద్దు. గాలితో నడిపి చూడండి. పంక్చర్ షాపు కంప్రెసర్ కంటే కారు పెయింటింగ్ షాపుది మేలు, దానికి రెగ్యులేటరూ, నీరు పట్టే ఫిల్టరూ ఉంటాయి. 15, 20 పీఎస్ఐ చాలు. బాయిలర్‌లోకి కాదు, సిలిండర్లకి వెళ్లే ఆవిరి గొట్టంలోకి ఇవ్వాలి. సిలిండర్లలోకి ముందు నాలుగు చుక్కల స్టీమ్ ఆయిల్ (ఆవిరి సిలిండర్ల కోసం చేసిన చిక్కటి నూనె) వేయండి. పిన్నులకీ ఇరుసులకీ మామూలు ఇంజను ఆయిల్ వాడవచ్చు. కోనసీమ కదా, ఇంట్లో కొబ్బరి నూనె చేతికి అందుతుంది, కుట్టుమిషనుకి వేసే అలవాటూ ఉంటుంది. దీనికి వద్దు, నిలవుంటే జిగురు కడుతుంది, చలికాలం పొద్దున్న పేరుకుపోతుంది. బాయిలర్ నీళ్ల విషయంలో మీ ఊరి బోరు నీళ్లు అసలు పనికిరావు, ఉప్పు. వడకట్టిన వాన నీళ్లో, డిస్టిల్డ్ వాటరో పోయండి. నడిపాక తడి తుడిచి, చక్రాలకీ రాడ్లకీ నూనె రాసి, మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టండి. అట్టపెట్టె వానాకాలమంతా తేమ పీల్చి పట్టుకుంటుంది.

గాలి ఇచ్చినప్పుడు చక్రాన్ని ఏ స్థితిలో ఆపి మళ్లీ వదిలినా తనంతట తాను కదలాలి. ఎక్కడైనా వేలితో తోస్తేనే కదులుతోందంటే ఒక పక్క పని చేయడం లేదు. నాలుగు దెబ్బలూ సమానంగా వినిపించాలి. మూడు గట్టిగా, ఒకటి నీరసంగా వస్తే అది ఇక చక్రం సంగతి కాదు, వాల్వు సెట్టింగ్. దానికి మీ ఇంజను తయారీదారు పేరు, మధ్య ఇరుసు మీద ఎక్సెంట్రిక్ దగ్గరి నుంచి తీసిన ఫొటో పెట్టండి. వాల్వుని నడిపే అమరిక స్లిప్ ఎక్సెంట్రిక్ రకం అయితే ఒక పద్ధతి, వాల్‌షార్ట్స్ గేర్ రకం అయితే ఇంకో పద్ధతి. చూశాక చెబుతాను.